థైరాయిడ్ వాటా ఎంత, కంచం వాటా ఎంత?

పెళ్లిళ్లలో భోజనాల దగ్గర తరచూ వినపడే సంభాషణ ఒకటుంది. "ఏమ్మా, బాగా ఒళ్లు చేశావే?" అంటుంది పెద్దావిడ. "థైరాయిడ్ పిన్నీ" అంటుంది అమ్మాయి. "అయ్యో, మా కోడలికీ అంతేనమ్మా. గాలి పీల్చినా లావైపోతోంది" అని పిన్ని సానుభూతి. పక్క కుర్చీలోంచి ఇంకొకావిడ కలగజేసుకుంటుంది. "మీది ఎంత పవర్?" "డెబ్భై అయిదు ఉండేది, మొన్ననే వంద చేశారు." ఈలోగా విస్తట్లో రెండో పూర్ణం బూరె పడుతుంది.

ఈ అధ్యాయం ఆ అమ్మాయి కోసం. ఆమె చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే లెక్కలో సగమే చెప్పింది. మిగతా సగం చూడకపోతే ఏళ్ల తరబడి మాత్రలు మింగుతూ, వాకింగులు చేస్తూ, బరువు మాత్రం ఇసుమంతైనా కదలక విసిగిపోవడమే మిగులుతుంది.

హైదరాబాద్‌తో సహా దేశంలోని 8 పెద్ద నగరాల్లో 5,376 మంది పెద్దవాళ్లని పరీక్షించి చేసిన ఒక అధ్యయనం 2013లో వెలువడింది. వాళ్లలో దాదాపు 11 శాతం మందికి థైరాయిడ్ మందగించి ఉన్నట్టు తేలింది. అంటే తొమ్మిది మందిలో ఒకరు. ఆడవాళ్లలో మగవాళ్లకన్నా ఎక్కువ. గొంతు కింద సీతాకోకచిలుక ఆకారంలో ఉండే, పట్టుమని పాతిక గ్రాములు తూగని ఈ గ్రంథి ఒళ్లంతటికీ పనివేగం నిర్ణయిస్తుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, పేగులు ఎంత చురుగ్గా కదలాలి, ఒంట్లో వేడి ఎంత పుట్టాలి అన్నీ దాని హార్మోను మీదే ఆధారపడతాయి. అయోడిన్ ఉప్పు అందుతున్న చోట ఇది మందగించడానికి ముఖ్య కారణం మన రోగనిరోధక వ్యవస్థే పొరబడి గ్రంథి మీద దాడి చేయడం. 1912లో ఈ జబ్బుని వర్ణించిన జపాన్ వైద్యుడు హకారు హషిమోటో పేరే దానికి పెట్టారు. మీరు చేసిన తప్పేమీ లేదు, ఎక్కువ తిన్నందుకు వచ్చిందీ కాదు.

మరి దీనివల్ల పెరిగే బరువెంత? అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ రోగులకు చెప్పే లెక్క ప్రకారం, జబ్బు తీవ్రతని బట్టి రెండు నుంచి నాలుగున్నర కిలోలు. అందులోనూ ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిపోయిన ఉప్పూ నీరూ. కొవ్వు వాటా తక్కువ. పొద్దున్నే మొహం ఉబ్బరించడం, ఉంగరం బిగుసుకోవడం, కళ్ల కింద వాపు, ఇవన్నీ ఆ నీటి తాలూకు గుర్తులే.

ఇప్పుడు లెక్క వేద్దాం. పెళ్లినాటికి 54 కిలోలున్నావిడ పదిహేనేళ్లలో 74కి చేరిందనుకోండి. ఆ ఇరవైలో థైరాయిడ్ పేరిట రాయగలిగింది మహా అయితే నాలుగైదు కిలోలు. మిగిలిన పదిహేనూ రెండు కాన్పుల తర్వాత తగ్గకుండా ఉండిపోయినవి, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం ఇచ్చినవి, రాత్రి పదింటి భోజనాలు పెట్టినవి. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. జబ్బు బయటపడక ముందు నెలల తరబడి ఉండే నీరసం, నిద్రమత్తు, కాళ్ల పీకులు మనిషిని మంచానికి కట్టేస్తాయి. కదలిక తగ్గి పెరిగిన ఆ బరువు ఏ రిపోర్టులోనూ థైరాయిడ్ ఖాతాలో పడదు. కాబట్టి "అంతా నీ తిండి వల్లే" అని మొహం మీద అనేసే భర్తలూ, కొందరు డాక్టర్లూ కూడా లెక్కలో సగమే చెబుతున్నారు.

ఇంకో మెలిక కూడా ఉంది. బాగా లావుగా ఉన్నవాళ్లలో గ్రంథి బాగానే పనిచేస్తున్నా టీఎస్‌హెచ్ (గ్రంథిని పనిచేయమని పురమాయించే హార్మోను, గ్రంథి మందగిస్తే ఇది పెరుగుతుంది) కాస్త పెరిగి కనిపించవచ్చు. బరువు తగ్గితే అదీ దిగుతుంది. అందుకే టీఎస్‌హెచ్ అయిదో ఆరో చూపించి, గ్రంథి తయారుచేసే హార్మోను టీ4 మామూలుగా ఉంటే డాక్టరు వెంటనే మందు రాయకుండా మరోసారి పరీక్ష చేయించమనడం నిర్లక్ష్యం కాదు. అలాంటి స్వల్ప తేడాకి మాత్ర మొదలుపెట్టినంత మాత్రాన బరువు తగ్గుతుందన్న హామీ కూడా లేదు.

ముందు మాత్ర సంగతి

బరువు గురించి ఆలోచించే ముందు మాత్ర ఒంటికి పడుతోందా లేదా చూసుకోవాలి. సీసా మీద థైరోనార్మ్ అని ఉన్నా, ఎల్ట్రాక్సిన్ అని ఉన్నా లోపలున్నది లీవోథైరాక్సిన్. మీ గ్రంథి తయారుచేయాల్సిన హార్మోనే అది. 1914 క్రిస్మస్ నాడు మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ కెండాల్ దీన్ని మొదటిసారి స్ఫటికాలుగా వేరుచేశాడు. లేనిదాన్ని భర్తీ చేయడమే దీని పని. "ఇంగ్లీషు మందు, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం అలవాటైపోతుంది" అని భయపడి మానేసేవాళ్లు అలవాటుకీ అవసరానికీ తేడా చూడటం లేదు.

వంద పవర్ అంటే వంద మైక్రోగ్రాములు. గ్రాములో పదివేలో వంతు. ఇంత సూక్ష్మమైన మోతాదు కాబట్టే కడుపులో పక్కన ఏముందన్నది దీనికి చాలా ముఖ్యం. పరగడుపున, మంచినీళ్లతో, తినడానికీ కాఫీకీ కనీసం అరగంట ముందు వేసుకోవాలి. గంట అయితే మరీ మంచిది. మన ఇళ్లలో జరిగేది వేరు. మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసు కింద పెట్టకముందే రెండో చేత్తో పాలగిన్నె స్టవ్ మీద పెడతారు. పొంగు వచ్చేసరికి డికాషన్ సిద్ధం. అయిదు నిమిషాల్లో కాఫీ కడుపులో పడుతుంది, పేగులు పీల్చుకోవాల్సిన మందు తగ్గిపోతుంది. నెలల తరబడి ఇదే తంతు. పరీక్షలో టీఎస్‌హెచ్ దిగదు, డాక్టరు పవర్ పెంచుతాడు. అసలు మార్చాల్సింది కాఫీ టైము.

కాఫీకన్నా గట్టి శత్రువులు క్యాల్షియం, ఐరన్ మాత్రలు. మోకాళ్ల డాక్టరు క్యాల్షియం రాస్తాడు, గైనకాలజిస్టు ఐరన్ రాస్తుంది, ఫిజీషియన్ థైరాయిడ్ రాస్తాడు. ముగ్గురి చీటీలూ ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి. మర్చిపోతామేమోనని అన్నీ కలిపి పొద్దున్నే ఒక్క గుక్కలో మింగేస్తారు. థైరాయిడ్ మాత్రకీ వీటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. క్యాల్షియం మధ్యాహ్న భోజనానికి మార్చండి, సమస్య తీరిపోతుంది. పొద్దున్నే పరగడుపున వేసుకునే "గ్యాస్ టాబ్లెట్" ఇంకొకటుంది. కడుపులో యాసిడ్ తగ్గితే ఈ మందు పీల్చుకోవడమూ తగ్గవచ్చు. రోజూ అది వాడుతున్నట్టు డాక్టరుకి చెప్పాలి. చాలామంది గ్యాస్ మాత్రని మందుల లెక్కలోనే వేయరు.

పొద్దున్న కుదరనివాళ్లు రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు, తిని మూడు గంటలు దాటి ఉంటే. తొమ్మిదిన్నరకి తిని పదిన్నరకి పడుకునే ఇళ్లలో ఇది కుదిరే పని కాదు.

ఉపవాసాల సంగతి. కార్తీక సోమవారాలు, ఏకాదశులు, శివరాత్రి. మాత్ర వేసుకుంటే ఉపవాసం చెడుతుందని ఆ పూట మానేసేవాళ్లు చాలామంది. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి దాదాపు వారం పడుతుంది కాబట్టి ఒక రోజు తప్పితే కొంప మునగదు. ఇలాంటి రోజులు నెలలో ఆరేడు కలిస్తే మాత్రం తేడా రిపోర్టులో తెలుస్తుంది. గుక్కెడు నీళ్లతో వేసుకున్న మాత్రకి ఏ దేవుడూ అలగడు. రంజాన్ ఉపవాసాలు ఉండేవాళ్లు మాత్రని సహరీకి ముందు వేసుకోవాలా, ఇఫ్తార్ తర్వాత రాత్రికి మార్చుకోవాలా అన్నది నెల మొదలవకముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

సీసాని స్టవ్ పక్క గూట్లో పెట్టకండి. వేడి, వెలుతురు, తేమ మూడూ దీనికి పడవు. ఊరెళ్లేటప్పుడు పది మాత్రలు కాగితంలో చుట్టి పర్సులో వేసుకోవడం కన్నా సీసానే పట్టుకెళ్లడం నయం.

పరీక్ష గురించి రెండు మాటలు. పవర్ మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చేయించాలి. పది రోజులకే పరిగెత్తితే ల్యాబుకి డబ్బులు తప్ప మీకు ఉపయోగం లేదు. ప్రతిసారీ ఒకే ల్యాబులో, పొద్దున్నే, ఆనాటి మాత్ర వేసుకోకముందు రక్తం ఇవ్వండి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపేయాలి. కొన్ని ల్యాబుల పరీక్ష పద్ధతిలో అది టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది. మీకు మందు చాలకపోయినా ఎక్కువైనట్టు కనపడుతుంది.

మాత్ర సరిగ్గా పడితే కొన్ని వారాల్లో మొహం వాపు తీస్తుంది, మలబద్ధకం సర్దుకుంటుంది, తూకంలో రెండు మూడు కిలోలు దిగుతాయి. దిగింది నీరు. ఆ తర్వాత ముల్లు ఆగిపోతుంది. "మందు పనిచేయడం లేదు" అని చాలామంది నిరాశపడేది సరిగ్గా ఇక్కడే. మందు తన పని పూర్తిచేసింది. థైరాయిడ్ వాటా తీరిపోయింది.

ఈ దశలో పుట్టే అతి ప్రమాదకరమైన ఆలోచన ఒకటుంది. "ఒక పవర్ పెంచుకుంటే తగ్గుతానేమో?" పక్కింటావిడ 125 వేసుకుని సన్నబడిందని తనూ మొదలుపెట్టే మనుషులున్నారు. అవసరానికి మించిన థైరాక్సిన్ గుండె లయని తప్పిస్తుంది, ఎముకలని గుల్ల చేస్తుంది. ముట్లుడిగిన ఆడవాళ్లకి ఈ రెండూ మరీ ప్రమాదం. తగ్గిన బరువులో కండ కూడా పోతుంది. అమెరికాలో ఈ మందు వివరాల కాగితం మీద, బరువు తగ్గడానికి దీన్ని వాడకూడదని గడి గీసి మరీ హెచ్చరిక అచ్చువేస్తారు.

ఇక కంచం

రిపోర్టు బాగుందంటే మీ ఒళ్లు దాదాపు అందరి ఒళ్లలాగే పనిచేస్తోందని అర్థం. ఇక్కణ్ణుంచి బరువు తగ్గడం అందరికీ ఎలాగో మీకూ అలాగే. "థైరాయిడ్ డైట్" పేరుతో అమ్మే పొడులకీ, కషాయాలకీ, జ్యూసులకీ పెట్టే డబ్బుతో మంచి పప్పులు కొనుక్కోవచ్చు.

నా దృష్టిలో మొదట చూడాల్సింది నూనె డబ్బా. నలుగురున్న ఇంట్లో నెలకి అయిదు లీటర్ల నూనె ప్యాకెట్లు ఖర్చవడం మన దగ్గర పెద్ద విశేషం కాదు. లీటరు ప్యాకెట్ తూకం సుమారు 910 గ్రాములు. అయిదు ప్యాకెట్లు 4,550 గ్రాములు. ముప్పై రోజులకీ, నలుగురికీ పంచితే మనిషికి రోజుకి దాదాపు 38 గ్రాములు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రెండు వేల క్యాలరీల భోజనానికి సూచించే నూనె సుమారు 27 గ్రాములు. తేడా 11 గ్రాములు. గ్రాము నూనెకి 9 క్యాలరీలు కాబట్టి రోజుకి వంద, నెలకి మూడు వేల క్యాలరీలు. ఇందులో నెయ్యి, చట్నీలోకి వేసిన వేరుశనగలు, కొబ్బరి లెక్క వేయలేదు. నెలకి ఒకటిన్నర ప్యాకెట్ తగ్గిస్తే ఈ వంద క్యాలరీలూ ఇంటిల్లిపాదికీ తగ్గుతాయి, ఎవరూ ఆకలితో ఉండక్కర్లేదు. చేయాల్సిందల్లా డబ్బాలోంచి మూకుట్లోకి నేరుగా వంచడం మానేసి చెంచాతో కొలిచి పోయడం. బెండకాయ వేపుడు రోజూ కాకుండా వారానికి ఒకసారి. మిగతా రోజుల్లో ఆవిరికి ఉడికించి పోపు పెట్టిన కూరలు, పప్పుకూరలు, పులుసులు.

రెండోది అన్నం. మన భోజనం వరసలోనే ఒక చిక్కుంది. పప్పులోకి కొంత అన్నం, కూరలోకి కొంత, చారులోకి కొంత, చివర్న పెరుగులోకి కొంత. ప్రతి అంకానికీ కొత్త అన్నం పడుతుంది. దేనికదే కొంచెమే అనిపిస్తుంది, నాలుగూ కలిస్తే గిన్నెడు. ఒక వారం పాటు మీ వాటా బియ్యం వేరుగా తూచి వండి చూడండి. వంద గ్రాముల బియ్యానికి సుమారు 350 క్యాలరీలు. పూటకి 150 గ్రాములు తింటున్నట్టు తేలితే దాన్ని వందకి దించి, ఆ ఖాళీలో కూర రెట్టింపు వడ్డించుకోండి. మజ్జిగ తాగితే పెరుగన్నం అంకం కూడా కుదించుకోవచ్చు.

"రాత్రి అన్నం మానేశానండీ, టిఫినే" అనే మాట వినగానే నాకు అనుమానం వస్తుంది. ఆ టిఫిన్ ఏమిటి? మూడు దోసెలు, కొబ్బరి చట్నీ. లేదా జీడిపప్పు వేసిన ఉప్మా. వంద గ్రాముల రవ్వలోనూ, గోధుమపిండిలోనూ, బియ్యంలోనూ క్యాలరీలు ఇంచుమించు ఒక్కటే. కొర్రలూ, సామలూ కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటాయి. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, కడుపు నిండినట్టు ఉంటుంది, అది మంచిదే. కొర్రన్నమని రెండోమారు వడ్డించుకుంటే ఆ మంచి కాస్తా పోయింది.

తగ్గించాల్సినవి ఇన్ని చెప్పాను కాబట్టి పెంచాల్సింది కూడా చెప్పాలి. అది మాంసకృత్తులు. 65 కిలోల మనిషికి రోజుకి కనీసం 54 గ్రాములు కావాలి. పలచటి పప్పు ఒక గరిటె వేసుకుంటే వచ్చేది మహా అయితే ఆరేడు గ్రాములే. గుడ్డుకి ఆరు. అందుకే పొద్దున్న ఇడ్లీ బదులు పెసరట్టు, వారంలో కొన్ని రోజులు ఉడికించిన శనగలో ఉలవలో, గుడ్లు తినేవాళ్లు రెండు గుడ్లు, చేపల పులుసు తింటే ముక్కలు ఎక్కువ, పులుసన్నం తక్కువ. బరువు తగ్గేటప్పుడు కండ కరిగిపోకుండా కాపాడేది ఇదే. పైగా ఆకలిని చాలాసేపు ఆపుతుంది.

ఇంట్లో వంట చేసే ఆడవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. పిల్లాడు వదిలేసిన సగం దోసె, గిన్నె అడుగున మిగిలిన రెండు గరిటెల పులిహోర, "పారేయడం ఎందుకులే" అని వంటింటి గట్టు దగ్గర నిలబడే తినేసే ముద్దలు. వీటిని ఎవరూ భోజనంగా లెక్కవేయరు. ఆవిడ కూడా. "నేను తినేదే పిసరంత" అని నిజాయితీగానే అంటుంది. మిగిలినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టండి, పనిచేసే అమ్మాయికి వేడిగా ఉన్నప్పుడే ఇవ్వండి, లేదా రేపు తక్కువ వండండి. మీ పొట్ట ఇంటి చెత్తబుట్ట కాదు.

లంఖణాలూ, అనవసర భయాలూ

లంఖణం పరమౌషధం అన్న మాటని పట్టుకుని రోజుకి నాలుగు ఇడ్లీలతో నెట్టుకొచ్చేవాళ్లు ఒకటి గమనించాలి. తిండి మరీ తగ్గిపోతే ఒళ్లు తనంతట తానే టీ4ని చురుకైన టీ3గా మార్చుకోవడం తగ్గిస్తుంది, ఖర్చు పొదుపు చేస్తుంది. మందకొడితనం మీద మందకొడితనం. అసలే థైరాయిడ్ వల్ల రాలుతున్న జుట్టు ఇంకా ఊడుతుంది, కండ పోతుంది, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. ఆ మధ్య తెలుగు నాట ఇంటింటా సాగిన కొబ్బరినూనె డైట్‌లో మొదటి నెల ఆశ్చర్యంగా తగ్గినవాళ్లు ఎందరో, ఏడాది తిరిగేసరికి అంతకంత పెరిగినవాళ్లూ అందరు. వారానికి పావు నుంచి అరకిలో తగ్గితే చాలు. 74 కిలోల మనిషి ఆరు నెలల్లో నాలుగు కిలోలు తగ్గినా షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ మీద ఆ మేలు కనిపిస్తుంది.

క్యాబేజీ, కాలీఫ్లవర్ తినకూడదన్న భయం వదిలేయండి. వండితే వాటిలోని థైరాయిడ్‌ని అడ్డుకునే గుణం చాలావరకు పోతుంది. అయోడిన్ సరిగ్గా అందుతున్నవాళ్లకి, అందులోనూ ఇప్పటికే మాత్ర వేసుకుంటున్నవాళ్లకి, వారానికి రెండుసార్లు క్యాబేజీ కూర వల్ల వచ్చే నష్టమేమీ లేదు. సోయా తినవచ్చు, మాత్రకి దూరంగా. సజ్జలు మాత్రం మూడు పూటలా ప్రధాన ఆహారం చేసుకోకండి. ఎప్పుడైనా సజ్జరొట్టె తింటే ఫరవాలేదు.

అసలు భయపడాల్సిన చోట మనవాళ్లు భయపడటం లేదు. ఆరోగ్యం పేరుతో వంటింట్లోకి వచ్చిన పింక్ సాల్ట్, సైంధవ లవణం చాలావరకు అయోడిన్ కలపనివి. ఇంట్లో ఎదిగే పిల్లలూ, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లూ ఉండగా అయోడిన్ ఉప్పు మానేయడం తెలివైన పని కాదు. అలాగని అయోడిన్ మంచిదని సముద్రపు నాచు మాత్రలు తెప్పించుకుని మింగినా హషిమోటో ఉన్నవాళ్లకి చెడే జరుగుతుంది. అయోడిన్ ఉప్పు, రోజుకి అయిదు గ్రాములు దాటకుండా. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు ఆ అయిదు గ్రాముల్లోవే.

నడక చాలదు

టీఎస్‌హెచ్ ఇంకా ఎక్కువగా ఉన్నప్పుడు జిమ్‌లో చేరకండి. కండరాలు పట్టేస్తాయి, మోకాళ్లు నొప్పెడతాయి, పది రోజుల్లో కట్టిన ఫీజు వదులుకుంటారు. ఆ నెలల్లో భోజనమయ్యాక పది నిమిషాల నడక చాలు. రిపోర్టు సర్దుకున్నాక వారానికి 150 నిమిషాలకి చేరండి. మాట్లాడగలిగేటట్టు, పాట పాడలేనట్టు ఉండాలి ఆ వేగం. కబుర్లు చెప్పుకుంటూ పార్కు చుట్టూ తిరిగి, గేటు దగ్గర మిరపకాయ బజ్జీ తినే వాకింగ్ గురించి నేను మాట్లాడటం లేదు. అరగంట చురుకైన నడకకి ఖర్చయ్యేది సుమారు 150 క్యాలరీలు. ఒకటి రెండు బజ్జీలతో అది తిరిగొచ్చేస్తుంది.

అందుకే నడకతో పాటు కండకి పని చెప్పాలి. వారానికి రెండు రోజులు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకి చేతులానించి దండీలు, లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తడం, రెండు అంతస్తుల మెట్లు. చీర కట్టుకుని కూడా చేయగలిగినవే ఇవన్నీ. కండ ఉంటే కూర్చున్నప్పుడు కూడా ఒళ్లు కాస్త ఎక్కువ ఖర్చు పెడుతుంది, మెట్లెక్కితే ఆయాసం తగ్గుతుంది.

తూకం వారానికి ఒక్కసారే, ఒకే రోజు, పొద్దున్నే. రోజూ ఎక్కితే మీరు చూసేది నీటి హెచ్చుతగ్గులే. దానికన్నా దర్జీ టేపు నమ్మకమైనది. నడుము చుట్టుకొలత ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90 దాటకూడదు. మన దేశస్థులకి బీఎంఐ 23 దాటితే చాలు, అధిక బరువు కింద లెక్క. 25 దాకా ఫరవాలేదనుకోవడం పాశ్చాత్య దేశాల కొలత.

మూడు నాలుగు నెలలు నూనె కొలిచి, అన్నం తూచి, నడిచి, టీఎస్‌హెచ్ సరిగ్గా ఉండి కూడా టేపు కదలకపోతే అప్పుడు థైరాయిడ్‌ని వదిలి మిగతావి వెతకాలి. నెలసరి క్రమం తప్పుతుంటే, గడ్డం మీద వెంట్రుకలు వస్తుంటే అండాశయాలకి సంబంధించిన పీసీఓఎస్ కావచ్చు. గట్టిగా గురక పెడుతూ పగలు తూలుతుంటే నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు. ఇన్సులిన్, కొన్ని షుగర్ మాత్రలు, స్టెరాయిడ్లు, దిగులుకి వాడే కొన్ని మందులు బరువు పెంచుతాయి. మీ మందులన్నీ మూటగట్టి తీసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. ఇప్పుడు బాగా వినిపిస్తున్న బరువు తగ్గించే ఇంజెక్షన్లు, 2025లో మన దేశంలో దిగిన మౌంజారో, వెగోవీ లాంటివి, థైరాయిడ్ మందగించినంత మాత్రాన నిషేధం కాదు. మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ మీకు గానీ మీ రక్తసంబంధీకులకి గానీ ఉంటే మాత్రం వాడకూడదు. అది అడగకుండానే ఇంజెక్షన్ రాసిచ్చే చోట కూర్చోకండి.

చివరగా, పిల్లల కోసం ఎదురుచూస్తున్న అమ్మాయిలకి. బరువు తగ్గితే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుందని మీకు ఎవరో చెప్పే ఉంటారు. అది చాలామంది విషయంలో నిజమే. కానీ నెల తప్పిందని తెలిసిన రోజునే బరువు తగ్గే ప్రయత్నం ఆపేయాలి, ఆ వారంలోనే టీఎస్‌హెచ్ చేయించుకోవాలి. గర్భిణికి థైరాక్సిన్ అవసరం మామూలుకన్నా 25 నుంచి 50 శాతం దాకా పెరుగుతుంది. మొదటి మూడు నెలల్లో కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి హార్మోను మీదే ఆధారపడి ఉంటుంది. స్కానింగ్ తేదీ వచ్చేదాకా ఆగకండి, ముందు థైరాయిడ్ డాక్టరుకి ఫోన్ చేయండి.